ముంగిట్లో పుట్టిన బడి: మన అంగన్‌వాడీ కథ



ప్రతి ఏడాదీ ఈ పుస్తకంలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి ఎంత, వసూలు ఎంత అని లెక్కలు రాసుకుంటాం. అవి మనకు కావలసినవే. ఈసారి మా గ్రామ సమాఖ్య తరఫున వేరే సంగతి రాస్తామని ఒప్పుకున్నాం. అది మన అంగన్‌వాడీ చరిత్ర. ఎందుకు ఒప్పుకున్నామో ముందు చెప్తాం.

పోయిన జూన్ నెల మీటింగులో మా సంఘంలో ఒక చెల్లి అప్పు అడిగింది. అప్పు దేనికి అన్నచోట యానిమేటర్ "చదువు" అని రాసింది. ఎవరి చదువు అని అడిగితే నాలుగేళ్ల కూతురిదంట. ఎల్‌కేజీ ఫీజు, బస్సు, యూనిఫాం, బూట్లు, పుస్తకాలు. మాలో పెద్దామె ఒకరు, "మనం కూర్చున్న ఈ గది పక్కనే అంగన్‌వాడీ ఉంది గదమ్మా, పైసా ఖర్చు లేదు గదా" అంది. దానికి ఆ చెల్లి, "అక్కడ గుడ్డు పెడతారు పెద్దమ్మా, చదువు చెప్పరు" అంది.

ఎవరమూ మాట్లాడలేదు. అప్పుల రిజిస్టరు వెనక్కి తిప్పి చూస్తే అలాంటి అప్పులు ఇంకా కనిపించాయి. ఈ వ్యాసం రాస్తున్న మేము కూడా మా పిల్లలకు అలా తీసుకున్నవాళ్లమే. నాలుగేళ్ల పిల్లకు అప్పు చేసి చదువు కొంటున్నామంటే, అసలు ఆ వయసు చదువు అంటే ఏమిటి? గుడ్డు పెట్టే చోట చదువు ఎందుకు లేకుండా పోయింది? టీచరమ్మను అడిగాం, పెద్దవాళ్లను అడిగాం, పుస్తకాలు తెప్పించుకుని చదివాం. తెలిసింది తెలిసినట్టు ఇక్కడ రాస్తున్నాం.

కూలివాళ్ల పిల్లల కోసం మొదలైంది

మన అమ్మమ్మల కాలంలో కలుపుకి పోయినా కోతకి పోయినా చంటిబిడ్డను గట్టు మీద చెట్టుకి పాత చీరతో ఉయ్యాల కట్టి పడుకోబెట్టేవాళ్లు. కాస్త నడిచే పిల్లను ఇంట్లో పెద్ద ఆడపిల్ల చూసుకునేది. అందుకని ఆ పెద్దపిల్లకి బడి లేదు. మా సంఘంలో యాభై దాటినవాళ్లలో వేలిముద్ర వేసేవాళ్లను అడిగితే ఎక్కువమంది చెప్పేది ఇదే. "తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి నన్ను బడి మానిపించారు" అని. చిన్నపిల్లలకు చోటు లేకపోతే పోయేది పెద్దపిల్ల చదువు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇప్పుడు టౌనుల్లో చాలా ప్రైవేటు బడుల బోర్డుల మీద "మాంటిస్సోరి" అని ఉంటుంది. అది ఒక మనిషి పేరని మాకు తెలియదు. మరియా మాంటిస్సోరి ఇటలీ దేశపు డాక్టరమ్మ. 1907లో రోమ్ నగరంలో సాన్ లోరెంజో అనే పేదల పేటలో మొదటి పిల్లల బడి పెట్టింది. తల్లిదండ్రులు పనికి పోతే రోజంతా వదిలేసినట్టు తిరిగే పిల్లలు వాళ్లు. ఆ పిల్లలను బల్లల మీద కూర్చోబెట్టి వల్లె వేయించలేదు. చేతులతో పట్టుకునే వస్తువులు ఇచ్చి, తమకు నచ్చిన పని తామే ఎంచుకోనిచ్చింది. ఆమె 1939లో మద్రాసు వచ్చి, యుద్ధం వల్ల చాలా ఏళ్లు మన దేశంలోనే ఉండిపోయి టీచర్లకు శిక్షణ ఇచ్చింది. కూలివాళ్ల పిల్లల కోసం పుట్టిన పద్ధతి పేరు ఇవాళ కూలివాళ్లు అప్పు చేసి కట్టే ఫీజు రశీదు మీద ఉంది.

ఆమె రాసింది చదివి మారిన మనిషి గుజరాత్‌లో ఒకాయన ఉన్నాడు. గిజూభాయి బధేకా. వకీలు పని చేసేవాడు. కొడుకు పుట్టాక, ఈ బిడ్డను కొట్టకుండా తిట్టకుండా ఎలా చదివించాలా అని ఆలోచించి, వకాలతు వదిలేసి, 1920లో భావనగర్‌లో బాలమందిర్ మొదలుపెట్టాడు. అక్కడివాళ్లు ఆయన్ని "మీసాల అమ్మ" అని పిలిచేవాళ్లు. కథలు, ఆటలు, పాటలు, శుభ్రత, తోటపని, ఇదే ఆయన బడి. ఆయన పుస్తకం ఒకటి తెలుగులో "పగటికల" పేరుతో దొరుకుతుంది. మన మండల గ్రంథాలయంలో అడిగితే తెప్పిస్తారు, చదవండి.

బడే పిల్లల ముంగిటికి వెళ్లింది

గిజూభాయి దగ్గర 1923లో తారాబాయి మోడక్ అనే ఆమె చేరింది. పెద్ద చదువు చదివిన మనిషి. ఏళ్ల తరబడి పని చేశాక ఆమెకు ఒకటి కొట్టొచ్చినట్టు కనిపించింది. ఈ బాలమందిరాలన్నీ పట్నంలో డబ్బున్నవాళ్ల పిల్లలకే అందుతున్నాయి, పల్లెలో పేద పిల్లలకు అందడం లేదు. 1945లో ఆమె ఇప్పటి మహారాష్ట్రలో సముద్రం ఒడ్డున బోర్డీ అనే ఊరు చేరి పిల్లల కేంద్రం పెట్టింది. తోడుగా అనుతాయి వాఘ్ వచ్చింది. అనుతాయికి పదమూడేళ్లకు పెళ్లి చేశారు. కొన్ని నెలలకే భర్త పోయాడు. ఆ రోజుల్లో అలాంటి ఆడపిల్ల బతుకు ఎలా ఉండేదో మనకు చెప్పక్కర్లేదు. ఆమె చదువుకుని టీచరైంది.

బడి తెరిచారు గానీ హరిజనవాడ పిల్లలు, వార్లీ గిరిజనుల పిల్లలు రాలేదు. పిలిచినా రాలేదు. తల్లులు పనికి, పెద్దపిల్లలు చిన్నపిల్లల కాపలాకి. అప్పుడు ఈ ఇద్దరూ చేసిన ఆలోచన ఏమిటంటే, పిల్లలు బడికి రాకపోతే బడే పిల్లల దగ్గరికి పోవాలి. సంచిలో సామాను వేసుకుని ఆ వాడకే పోయి, ఒక ఇంటి ముంగిట్లో పిల్లల్ని చేర్చి ముఖం కడిగి, తల దువ్వి, ఆటలు ఆడించారు, కథ చెప్పారు. ముంగిలిని అక్కడ ఆంగన్ అంటారు. ముంగిట్లో నడిచే బడి కాబట్టి దానికి అంగన్‌వాడీ అని పేరు పెట్టారు.

అంటే అక్కల్లారా, అంగన్‌వాడీ అనే మాట పుట్టిందే బడికి పేరుగా. బొమ్మలు కొనడానికి డబ్బు లేదు. గవ్వలు, గులకరాళ్లు, ఆకులు, గింజలు, అవే పలకలు, అవే లెక్కలు. తర్వాత కోస్‌బాడ్ అనే కొండ ఊరికి మారి, చంటిపిల్లల ఆయా కేంద్రం, బాలవాడి, ప్రాథమిక బడి మూడూ ఒకే చోట నడిపారు. చంకలో తమ్ముడితో వచ్చిన ఆడపిల్ల తమ్ముణ్ణి కేంద్రంలో దించి తాను తరగతిలో కూర్చునేది. పశువులు కాసే పిల్లలకు మేత బీళ్లలోనే బడి పెట్టారు. తారాబాయికి 1962లో పద్మభూషణ్, అనుతాయికి 1984లో పద్మశ్రీ ఇచ్చారు.

మన తెలుగు ఆడపడుచు కూడా ఈ కథలో ఉంది. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పెట్టినప్పుడు మొదటి అధ్యక్షురాలు ఆమె. ఆ బోర్డు సాయంతో దేశంలో పల్లెల్లో బాలవాడీలు నడిచాయి. మా ఊళ్లో ముసలివాళ్లు ఇప్పటికీ అంగన్‌వాడీని "బాలవాడి" అనే అంటారు. ఆ మాట ఆనాటిది.

ఆరు పనుల్లో ఒక పని

రాజ్యాంగం రాసినప్పుడు 45వ అధికరణంలో 14 ఏళ్ల లోపు పిల్లలందరికీ పదేళ్లలో ఉచిత విద్య అందించాలి అని రాశారు. ఆరేళ్లు నిండాలి అని అందులో లేదు. 2002లో దాన్ని సవరించారు. 6 నుంచి 14 ఏళ్ల వాళ్లకు చదువు హక్కు అయింది. అది చాలా మంచి పని. కానీ ఆరేళ్ల లోపు పిల్లల చదువు మాత్రం ప్రభుత్వం "ప్రయత్నించాలి" అన్న దగ్గరే ఆగింది. ఒకే ఇంట్లో అన్నకి హక్కు, చెల్లికి ప్రయత్నం.

ఈ మధ్యలో 1975 అక్టోబరు 2న, గాంధీ జయంతి రోజు, ఐసీడీఎస్ మొదలైంది. దేశం మొత్తం మీద 33 ప్రాజెక్టులతో మొదలుపెట్టారు. ఆ కేంద్రాలకు తారాబాయి పెట్టిన పేరే పెట్టారు. ఆరు సేవలు అన్నారు. అదనపు పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్యం పోషణ గురించి చెప్పడం, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య. పేరు బడిది, బడి మాత్రం ఆరింటిలో ఒకటి.

అన్నం సంగతి చిన్నచూపు చూడకండి. 2001లో తిండి హక్కు కేసులో సుప్రీంకోర్టు ప్రతి వాడకూ అంగన్‌వాడీ ఉండాలని చెప్పింది. 2006లో 14 లక్షల కేంద్రాలు ఉండాలని ఆదేశించింది. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చి ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లలకు ఆ భోజనం హక్కు అయింది. ఇవాళ మన గర్భిణీలకు, బాలింతలకు, పిల్లలకు అందే పాలు, గుడ్డు వెనక అంత పోరాటం ఉంది. మన సంఘాలు కూడా ఇందులో చెయ్యి వేశాయి. ఇందిరా క్రాంతి పథం రోజుల్లో చాలా ఊళ్లలో గ్రామ సమాఖ్యలే పోషకాహార కేంద్రాలు నడిపాయి, గర్భిణీలకు పూటపూటా వండి పెట్టాయి. వండిన చేతులు మన పాత సభ్యులవే.

కానీ ఒకటి జరిగింది. అన్నం, టీకా, తూకం లెక్కకు వస్తాయి. ఎన్ని గుడ్లు, ఎన్ని కిలోలు, ఎంతమంది అని రాయొచ్చు. పిల్ల కథ విని నవ్విందా లేదా ఏ రిజిస్టర్లో రాస్తారు? పైవాళ్లు అడిగేది రిజిస్టర్లోదే. ఇప్పుడు ఫోనులో పోషణ్ ట్రాకర్ కూడా వచ్చింది. అలా బడి మెల్లగా వెనక్కి పోయింది. తల్లులం మనమూ అడగలేదు. సరుకులు ఇచ్చే రోజు లైనులో నిలబడ్డాం, కథ చెప్పే వేళకు ఒక్కరోజు పోలేదు.

ఆ వయసు చదువు ఎంత పని చేస్తుంది

ఇది మా ఊహ కాదు, పరీక్షించి చూసిన విషయం. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఇప్సిలాంటి అనే ఊళ్లో 1962లో పెర్రీ ప్రీస్కూల్ అని మొదలుపెట్టారు. మూడు నాలుగేళ్ల పేద నల్లజాతి పిల్లలు 123 మంది. కొందరిని ఆ బడికి పంపారు, కొందరిని పంపలేదు. బడిలో రోజుకు రెండున్నర గంటలు. ఈరోజు ఏం చేస్తావు అని పిల్లనే అడగడం, చేయనివ్వడం, ఏం చేశావు అని మళ్లీ చెప్పించడం. వారానికి ఒకసారి టీచరు ఇంటికి వచ్చి తల్లితో మాట్లాడేది.

మొదట ఆ పిల్లలు తెలివి పరీక్షల్లో ముందుకు వచ్చారు. కొన్నేళ్లకు ఆ తేడా పోయింది. ఇంతేనా అనుకున్నారు. కానీ వాళ్లను వదలకుండా నలభై ఏళ్ల వయసు దాకా చూస్తూ వచ్చారు. బడికి పోయినవాళ్లలో హైస్కూలు పూర్తి చేసినవాళ్లు ఎక్కువ, సంపాదన ఎక్కువ, పోలీసు కేసులు తక్కువ. మార్కుల తేడా చెరిగిపోయినా, పని పట్టుకుంటే వదలకపోవడం, నలుగురితో సర్దుకోవడం లాంటివి నిలిచాయని దాన్ని చూసినవాళ్లు అంటారు.

మన దగ్గర సంగతి చూద్దాం. అసోం, రాజస్థాన్, తెలంగాణ మూడు రాష్ట్రాల్లో దాదాపు 14,000 మంది పిల్లలను నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల దాకా చూసి, 2017లో ఫలితాలు చెప్పారు. అంగన్‌వాడీల్లో చదువుకి సమయం చాలా తక్కువ. అది మనకు తెలుసు. మరి ప్రైవేటు నర్సరీల్లో? అక్కడ ఒకటో తరగతి చదువునే చిన్నపిల్లల మీద మోపుతున్నారు. రాయడం, వల్లె వేయడం. రెండు చోట్లా ఆ వయసుకి తగిన చదువు లేదన్నారు. అయిదేళ్లకు బడికి సిద్ధమైన పిల్లలు తర్వాతి తరగతుల్లోనూ బాగా నేర్చుకున్నారు.

ఇంకొకటి తమిళనాడులో జరిగింది. 320 అంగన్‌వాడీలు తీసుకుని, అందులో కొన్నింటికి పిల్లల చదువు కోసమే సగం రోజు పని చేసే ఇంకో మనిషిని ఇచ్చారు. పిల్లల చదువు సమయం రెట్టింపు అయింది. లెక్కలు, భాష రెండూ మెరుగుపడ్డాయి. విచిత్రం ఏమిటంటే పిల్లల ఎదుగుదల కూడా మెరుగుపడింది. పాత టీచరుకి తల్లులతో మాట్లాడటానికి, పోషణ చూడటానికి తీరిక దొరికింది మరి. గుడ్డుకీ చదువుకీ పోటీ లేదు. పోటీ ఉన్నది ఒక్క మనిషి రెండు చేతుల మీద.

మేము చూసింది, చేసింది

చదివినదాన్ని కళ్లతో చూద్దామని మేము నలుగురం వారం రోజులు వంతులు వేసుకుని మా అంగన్‌వాడీలో కూర్చున్నాం. మొదటి రోజు టీచరమ్మ కథ మొదలుపెట్టింది. కాకి కుండ దగ్గరికి వచ్చేసరికి ఒక తల్లి సరుకుల కోసం వచ్చింది. సంతకం, ఫోటో, ఫోను తిరగడం లేదు. తిరిగి వచ్చేసరికి పిల్లలు చెల్లాచెదురు. ఆమె పని దొంగ కాదు. ఉదయం వచ్చినప్పటినుంచి కూర్చోలేదు. ఆరోజు ఆ కాకి నీళ్లు తాగలేదు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చాక, కాన్వెంటుకు పోయే మా పిల్లల్లో ఒకణ్ణి పిలిచాం. ఏబీసీడీలు గుక్క తిప్పకుండా చెప్పాడు. వంద దాకా అంకెలు చెప్పాడు. "నాన్నా, ఆ చింతపిక్కల్లో ఏడు తీసి నా చేతిలో పెట్టు" అంటే గుప్పెడు తెచ్చి పెట్టాడు. లెక్కపెట్టమంటే పిక్క మీద వేలు ఒకచోట, నోట్లో అంకె ఒకచోట. తప్పు వాడిది కాదు. వాడికి నోటితో చెప్పించారు గానీ చేత్తో పట్టుకోనివ్వలేదు. వాడికి కట్టిన ఫీజు మన సంఘం అప్పే. మాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

తర్వాతి మీటింగులో ఆ చెల్లికి అప్పు ఇచ్చాం. ఆ మాట దాచం. అంగన్‌వాడీ బాగుపడే దాకా పిల్ల వయసు ఆగదు, ఆపే హక్కు మాకు లేదు. కానీ ఆ రోజే ఒక తీర్మానం రాసుకున్నాం. టీచరమ్మతో మాట్లాడి, సరుకులు ఇచ్చేది పిల్లలు ఇంటికి పోయాక అని తల్లులందరికీ చెప్పాం. ఉదయం రెండు గంటలు ఎవరూ టీచరమ్మను బయటికి పిలవకూడదు. రోజుకి ఇద్దరు తల్లులు వంతున వచ్చి చేతులు కడిగించడం, పిల్లల్ని చూసుకోవడం చేస్తారు. చింతపిక్కలు, సీసా మూతలు, గవ్వలు, రంగు గుడ్డ ముక్కలు ఇళ్ల నుంచి తెచ్చి పెట్టాం. కథలు వచ్చిన ముసలమ్మలను శుక్రవారం పిలుస్తున్నాం. పిల్లలకన్నా వాళ్లే ముందు వచ్చి కూర్చుంటున్నారు.

మిరప కోతల్లో వంతులు తప్పాయి. కొన్ని వారాలు ఎవరమూ పోలేదు. ఒకరిద్దరు "జీతం ఆమెకి, పని మాకా" అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. రోజూ మనం చేయాల్సిన పని కాదది. ప్రభుత్వం చదువు కోసం ఇంకో మనిషిని ఇవ్వాలి. కానీ అడగాలంటే ముందు మనం విలువ తెలుసుకోవాలి. 2020 జాతీయ విద్యా విధానంలో మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ అని రాశారు. 2023లో "పోషణ్ భీ పఢాయీ భీ" అని కేంద్రం కార్యక్రమం పెట్టింది. పోషణా కావాలి, చదువూ కావాలి అని అర్థం. కాగితం మీద మాట వచ్చింది. మన వాడలోకి తెచ్చుకోవడం మన పని.

అందుకని ప్రతి గ్రామ సమాఖ్యకూ మా విన్నపం. నెలకొకసారి మీ అంగన్‌వాడీకి, మీ పిల్లలు పోయే నర్సరీకి కూడా పోయి చూడండి. ఈ నాలుగు అడగండి. ఈరోజు పిల్లలకు కథ చెప్పారా? చేతితో పట్టుకుని ఆడే వస్తువులు పిల్లలకు అందే ఎత్తులో ఉన్నాయా, బీరువాలో తాళం వేసి ఉన్నాయా? పిల్ల మాట్లాడుతుందా, టీచరు ఒక్కరే మాట్లాడుతున్నారా? పిల్ల తెలుగులో అడిగితే తెలుగులో జవాబు వస్తుందా? ఫీజు ఎంత, బస్సు ఏ రంగు అనేవి ఆ తర్వాత. అంగన్‌వాడీకి చదువు కోసం ఇంకో మనిషిని ఇవ్వాలన్న తీర్మానం ఈ మహాసభలో మేము పెడుతున్నాం. మీరందరూ చెయ్యెత్తాలని కోరుతున్నాం.

మన సంఘంలో వేలిముద్ర వేసే పెద్దమ్మ ఒకామె ఈ వ్యాసం చదివించుకుని విన్నది. తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి బడి మానేసిన మనిషి. "మా ముంగిట్లోకి ఎవరూ రాలేదమ్మా" అంది. అంతకన్నా ఏమీ అనలేదు. ఈ శుక్రవారం కథ చెప్పే వంతు ఆమెదే. కాకి కథ సగంలో ఆగిందని ఆమెకు చెప్పాం. ఈసారి కాకికి నీళ్లు తాగిస్తానంది.

ఇట్లు,
గ్రామ సమాఖ్య సభ్యుల తరఫున, సంఘం లీడరు